తొమ్మిది తలల పేషెంటు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదనుకోండి. బి.ఎస్సీ. కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, మెదక్ నుంచి ఒక సూట్‌కేసు, ఒక బైబిలు, అమ్మ చేసిచ్చిన సకినాల డబ్బా పట్టుకుని నాంపల్లిలో లేడీస్ హాస్టల్లో దిగిన ఇరవై రెండేళ్ళ పిల్లకు వినయం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పుడు జూనియర్ కాలేజీ ల్యాబులో అదే కెమిస్ట్రీ చెబుతుంటే, ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తే ప్రతి అమ్మాయిలోనూ ఆ పాత నేను కనిపిస్తుంటాను. నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఎందుకంటే అంత చదువూ చదివి, ఒక కప్పు మంచి టీ కోసం నేనొక చిన్న సముద్రాన్ని చంపబోయాను. (చంపలేదు. ముందే చెప్పేస్తున్నాను, మీరు కంగారు పడకండి. అప్పుడు నేను పడ్డ కంగారు మనందరికీ సరిపోతుంది.)

నా మొదటి ఉద్యోగం అబిడ్స్‌లో, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో, రెండో అంతస్తులో ఉన్న పళ్ళ దవాఖానలో. ఫోనెత్తేదాన్ని నేనే, పేషెంట్ల కార్డులు రాసేదాన్ని నేనే. డాక్టరు గారిని అందరూ పెద్ద మేడం అనేవారు. యాభై దాటిన మనిషి, పాత హైదరాబాదు కుటుంబం, మాట కరుకు, చెయ్యి మెత్తన. పన్ను పీకేశాక కూడా "ఎప్పుడు పీకుతరు మేడం?" అని అడిగేవాళ్ళు జనం, అంత మెత్తన. చేరిన రోజే నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని, "చూడమ్మా, నోట్ల ఏముంటే కార్డు మీద గదే రాయాలె. పేషెంట్ ఏడ్చినా, నువ్వు ఏడ్చినా, కార్డు మీద అబద్ధం ఉండొద్దు. మూడు నెలలు చూస్త. మంచిగ చేస్తే ఉంటవ్, లేకుంటే మెదక్ బస్సెక్కుతవ్" అన్నారు. మెదక్ బస్సెక్కడమంటే ఆదివారం చర్చి మెట్ల మీద ఊరంతా వరసగా నిలబడి "అప్పుడే వచ్చేసినవా బిడ్డా?" అని అడగడం. దానికంటే నా పళ్ళన్నీ మేడం చేత పీకించుకోవడం నయమనిపించేది.

ఆ దవాఖానలో కూచునే గదిలో ఒక గోడ పొడవునా అద్దాల తొట్టి ఉండేది. మామూలు చేపల తొట్టి కాదు. లోపల ఉప్పునీళ్ళు, రాళ్ళు, ఆ రాళ్ళ మీద బతికే పగడపు జీవాలు, మధ్యలో నారింజ రంగు మీద తెల్లచారలున్న రెండు చేపలు. సముద్రానికి వందల మైళ్ళ దూరంలో, కింద సెవెన్ సీటర్ ఆటోలు హారన్లు కొడుతుంటే, పైన రెండు వందల లీటర్ల సముద్రం. అందులో మేడం ప్రాణం ఒక పగడం. దాని తంతువుల చివర్లు అచ్చంగా చిన్న సుత్తుల్లా ఉంటాయని దానికి 'సుత్తి' అని పేరు పెట్టారు. కాచిగూడలో ఇంట్లోనే ఇలాంటి తొట్టెల వ్యాపారం చేసే ఒక రిటైరైన రైల్వే ఉద్యోగి (సముద్రపు ఉప్పు అమ్ముతాడు కనుక ఆయన్ను ఉప్పు సార్ అనేవాళ్ళం) అయిదేళ్ళ క్రితం ఒక్క తలతో ఇచ్చాడట. ఇప్పుడు తొమ్మిది తలలు, అంటే ఎముక కొమ్మల చివర విచ్చుకునే తొమ్మిది తంతువుల గుత్తులు. మేడం పొద్దున రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఆ తలలు లెక్కపెట్టుకునేవారు. మనుషుల నోళ్ళలో ముప్ఫై రెండు లెక్కపెట్టేది ఆ తర్వాతే.

ఈ పగడాలు తమ ఎముక తామే కట్టుకుంటాయి. దానికి కావలసిన సరుకు నీళ్ళలో ఉండాలి, దాన్నే ఆల్కలినిటీ అంటారు. అది ఎంతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న సీసాలో తొట్టి నీళ్ళు పోసి చుక్కలమందు వేస్తూ పోవాలి. నీలం రంగు పసుపుగా మారేసరికి ఎన్ని చుక్కలు పడితే అదే ఆ రోజు నంబరు. ఎనిమిది ఉంటే సుఖం, తొమ్మిదైనా ఫరవాలేదు. తగ్గితే ఎముక కట్టుకోలేవు, మరీ పెరిగితే తలలు ముడుచుకుని చివరికి ఊడిపోతాయి. "కెమిస్ట్రీ చదివినవ్ కదా, ఇది నీ పనే" అని మేడం రెండో వారానికే నా చేతికి ఇచ్చారు. కాలేజీ ల్యాబులో నేను చేసిన టైట్రేషన్లతో పోలిస్తే ఇదెంత పని అనుకున్నాను. ఇదెంత అనుకున్నవే నన్ను ఎప్పుడూ ముంచాయి.

నేను చేరిన రెండో నెలలో బెంగళూరులో ఉన్న మేడం అక్కగారికి మోకాలి ఆపరేషనన్నారు. మేడం మూడు వారాలు సెలవు పెట్టి, వారానికి మూడు రోజులు వచ్చిపోయేలా ఒక జూనియర్ డాక్టర్ను మాట్లాడి, నాకొక కాగితం రాసిచ్చారు. రోజూ నంబరు చూడాలి. తెల్ల సీసాలోని మందు, అంటే ఆల్కలినిటీ పెంచేది, పొద్దున మూత నిండా పొయ్యాలి. నంబరు తొమ్మిది దాటితే అది ఆపాలి. అప్పటికీ తగ్గకపోతే ఇరవై లీటర్ల నీళ్ళు తీసేసి కొత్త ఉప్పునీళ్ళు కలిపి పొయ్యాలి. ఆవిరైపోయిన నీళ్ళకు బదులు రోజూ మంచినీళ్ళు పొయ్యాలి. చివరి వాక్యం కింద రెండు గీతలు: ఏది పోసినా ఫిల్టర్ నీళ్ళు మాత్రమే. నేను ఆ కాగితాన్ని గోడకంటించి వాక్యాలన్నీ కంఠతా పట్టాను.

మేడం రైలెక్కిన రోజు మధ్యాహ్నమే ఫిల్టర్ సర్వీసు చేసే భాయ్ వచ్చాడు. "మేడం లేదా? మరి ఎవరికి చూపియ్యాలె?" అన్నాడు. "నాకే" అన్నాను. జీవితంలో మొదటిసారి నాకొక అధికారం దొరికింది, దాన్ని వాడకుండా ఎలా ఉంటాను? ఫిల్టర్ మార్చి, పక్కనున్న చిన్న స్క్రూ చూపించి, "నీళ్ళు మీఠా కావాల్నా, ఫీకా కావాల్నా? ఇప్పుడైతే పూరా బంద్ ఉంది, శానా ఫీకా" అన్నాడు. వెనకనుంచి పెద్దమ్మ పరుగున వచ్చింది. పెద్దమ్మంటే ఊడ్చి తుడిచి టీ పెట్టే ఆవిడ, అఫ్జల్‌గంజ్ నుంచి రోజూ నడిచొస్తుంది, ఆ దవాఖానలో మేడం కంటే కూడా సీనియరు. "మీఠా చెయ్యి నాయినా, నీకు పుణ్యముంటది! పదేండ్ల సంది గీ చప్పటి నీళ్ళతోని చాయ్ పెట్టవట్టి నా చేతి గుణమే పోయింది. ఉస్మాన్‌గంజ్ పత్తి తెచ్చినా రుచి లేదు" అంది. (పత్తంటే టీ పొడి, ఫీకా అంటే చప్పన.) భాయ్ నా వైపు చూశాడు. నేను అధికారిలా తలూపాను. అతను స్క్రూ రెండు చుట్లు తిప్పాడు. ఆ సాయంత్రం తాగిన టీ నాకింకా గుర్తుంది. మూడు వారాల స్వాతంత్ర్యం ఎలా ఉంటుందో అలా ఉంది.

మేడం మాత్రం తన టీ ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకునేవారు. మా టీ ఎలా ఉంటుందో ఆవిడకు ఎప్పుడూ తెలియదు. ఈ మాట మీరు కాస్త గుర్తుంచుకోండి.

మొదటి మూడు రోజులు నంబరు ఎనిమిది. మేడం పొద్దున్నే ఫోన్లో ఒక్క మాట పంపేవారు, "నంబర్?" అని. నేను "8 మేడం" అని పంపేదాన్ని. నాలుగో రోజు తొమ్మిదొచ్చింది. అదే రోజు అక్కగారి ఆపరేషను. ఆ ఆందోళనలో ఉన్న మనిషికి ఇదెందుకులే, రేపటికి తగ్గుతుంది కదా అని "8 మేడం" అనే పంపాను. మర్నాడు పది చూపించింది. ఎనిమిది నుంచి ఒక్కసారిగా పదికి దూకిందంటే నిన్న ఏం చేశావని అడుగుతారు. మళ్ళీ ఎనిమిదే పంపాను. అబద్ధానికి ఒక ఇబ్బంది ఉంది, దానికి రోజూ తిండి పెట్టాలి. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది అని పంపుతూనే ఉన్నాను. అసలు నంబర్లు ఎక్కడైనా రాసుకోకపోతే నాకే పిచ్చెక్కుతుందనిపించి ఒక ఖాళీ పేషెంట్ కార్డు తీశాను. పేరు: సుత్తి. వయసు: అయిదేళ్ళు. ఫిర్యాదు: తలలు బయటికి రావడం లేదు. కింద తేదీల వారీగా నిజం నంబర్లు. రాస్తున్నప్పుడు నవ్వొచ్చింది గానీ తొట్టి వైపు చూశాక పోయింది. సుత్తి నిజంగానే ముడుచుకుంటోంది.

కాగితంలో చెప్పినట్టు తెల్ల సీసా ఆపేశాను. నంబరు తగ్గలేదు. ఇరవై లీటర్లు మార్చాను. తగ్గడం అటుంచి, మర్నాటికి పదకొండయింది. రెండు రోజులాగి మళ్ళీ మార్చాను, పన్నెండుకు దగ్గరైంది. మందు పొయ్యడం లేదు, అయినా పెరుగుతోంది. ఇక ఎవరో పోస్తున్నారన్నది తప్ప నా కెమిస్ట్రీకి వేరే దారి దొరకలేదు. పెద్దమ్మ శనగలు నానబెట్టేటప్పుడు వంటసోడా వేస్తుందని గుర్తొచ్చి, ఆవిడ తొట్టి తుడుస్తున్నప్పుడు స్తంభం చాటునుంచి రెండు రోజులు కాపు కాశాను. (ఆవిడ నన్ను చూసి, "ఏంది బిడ్డా గట్ల దాక్కున్నవ్, పానం బాగలేదా?" అని నుదురు పట్టుకుని చూసింది. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.) ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య రెండు గంటలు వెతికితే చేపల మీద ఒక్క పుస్తకం దొరికింది, అది వండడం గురించి. హాస్టల్లో సాయంత్రం ప్రార్థనలో "మా దవాఖానలో ఒకరి పరిస్థితి బాగాలేదు, అందరూ జ్ఞాపకం చేసుకోండి" అని చెప్పాను. ఇరవై మంది అమ్మాయిలు కళ్ళు మూసుకుని మనస్ఫూర్తిగా ప్రార్థించారు. తర్వాత నా రూమ్మేటు "ఏమైంది ఆమెకు, తలనొప్పా?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను. ఎన్ని తలలో చెప్పలేదు.

మేడం తిరిగి రావడానికి తొమ్మిది రోజులుందనగా సుత్తిలో మూడు తలలు పూర్తిగా లోపలికి వెళ్ళిపోయి తెల్లటి ఎముక బయటపడింది. ఉద్యోగం సంగతి అటుంచండి, ఆ మనిషి పొద్దున్నే వచ్చి చెప్పులు విప్పకుండా తలలు లెక్కపెడుతుంటే ఆరు దగ్గర ఆగిపోయిన ఆవిడ ముఖం నేను చూడగలనా? ఏడుపొచ్చేసింది. పెద్దమ్మకు అంతా చెప్పేశాను. ఆవిడ గంభీరంగా విని, "అంటే నీళ్ళల్ల సోడా గుణం ఎక్కువైందంటవా? గంతే కదా! నిమ్మకాయ పిండు, దిగుతది" అంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నా ఫస్ట్ క్లాసు బుర్రకు అది అద్భుతంగా తోచింది. క్షారానికి విరుగుడు ఆమ్లం! పుస్తకంలో ఉన్నమాటే! పెద్దమ్మ నాలుగు నిమ్మకాయలు కోసి ప్లేట్లో పెట్టింది. నేను స్టూలెక్కి తొట్టి మూత తీసి, ఒక చెక్క చేతిలో పట్టుకున్నాక, ఎన్ని చుక్కలు పిండాలో తెలియదని గుర్తొచ్చింది. అలా స్టూలు మీదే నిలబడి ఉప్పు సార్‌కు ఫోన్ చేశాను.

ఆయన మొత్తం విన్నాడు. "బిడ్డా, ఇప్పుడు నిమ్మకాయ ఏ చేతుల ఉన్నది?"

"కుడి చేతిల సార్."

"ముందుగాల స్టూల్ దిగు. దిగినవా? ఆ నిమ్మకాయ పప్పుల పిండుకో. ఒక్కసారే నంబర్ కింద పడితే ఉన్న ఆరు తలలు కూడ పోతయ్. జర నిమ్మళంగ చెప్పు, రోజూ పోసేది ఏ నీళ్ళు?"

"ఫిల్టర్ నీళ్ళే సార్. కాయితంల గట్లనే ఉంది. ఉప్పు కలిపేది కూడ గా నీళ్ళతోనే."

"ఆ ఫిల్టర్ నీళ్ళకు నంబర్ చూసినవా?"

చూడలేదు. తొట్టి నీళ్ళు రోజుకు మూడుసార్లు చూశాను గానీ, మంచినీళ్ళకు నంబరేమిటి? ఫోను అలాగే పట్టుకుని చిన్న సీసాలో ఫిల్టర్ నీళ్ళు పట్టాను. వాటికి మొదటి చుక్కకే పసుపు రావాలి. రాలేదు. రెండు, మూడు, నాలుగు. నేను పైకి లెక్కపెడుతున్నాను, అవతల ఉప్పు సార్ వింటున్నాడు. తొమ్మిదో చుక్కకు పసుపు తిరిగింది. "ఎవరన్న స్క్రూ తిప్పిన్రా అమ్మా?" అన్నాడాయన. "అది ఇప్పితే బోరు నీళ్ళు కలుస్తయ్. బోరు నీళ్ళల్ల ఉండేదంతా గదే. నువ్వు మార్చిన కొద్దీ ఎక్కిచ్చుకుంటనే పోయినవ్." నేను మెల్లగా తిరిగి చూశాను. పెద్దమ్మ చేతిలో రెండు టీ గ్లాసులు, ఘుమఘుమలాడుతూ. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టి చీర కొంగుతో నోరు మూసుకుంది.

తిట్లు తిన్నా ఫరవాలేదు గానీ కారణం తెలిసిన ఆ క్షణంలో నాకు కలిగిన హాయి ఇంతా అంతా కాదు. దయ్యం లేదు, దొంగ లేడు, నా చేతిలోనే ఉన్న ఒక స్క్రూ. భాయ్‌ని పిలిపించి దాన్ని మూయించాం. "మళ్ళ ఫీకానా?" అని అతను జాలిగా అడిగాడు. పట్టి ఉంచిన ఫిల్టర్ నీళ్ళన్నీ పారబోసి, స్వచ్ఛమైన నీళ్ళతో ఉప్పు కలిపి, ఉప్పు సార్ చెప్పినట్టు తొందరపడకుండా తొట్టి నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చాం. నంబరు పన్నెండు, పదకొండున్నర, పదకొండు అంటూ నింపాదిగా దిగింది. ఏడో రోజున ముడుచుకున్న మూడు తలల్లో ఒకటి చిన్న వేలుగోరంత బయటికొచ్చింది. నేను, పెద్దమ్మ అద్దానికి ముక్కులానించి చూస్తుంటే, పన్ను నొప్పితో వచ్చిన ఒక పెద్దమనిషి పాపం పావుగంట సేపు అలాగే నిలబడ్డాడు. ఆ వారమంతా మేడంకు "8 మేడం" వెళుతూనే ఉంది. నిజం ఎదురుగా చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఎలా చెప్పాలో హాస్టల్ నుంచి అబిడ్స్ దాకా నడుస్తూ రోజూ రిహార్సల్ చేసుకున్నాను.

ఆ రిహార్సల్ అంతా వృథా. మేడం వచ్చిన రోజు పొద్దున తొట్టి ముందు నిలబడి తలలు లెక్కపెట్టారు. తొమ్మిదీ ఉన్నాయి, రెండు మాత్రం ఇంకా చిక్కిపోయి ఉన్నాయి. ఏదో అడగబోయి, అప్పటికే గది నిండా పేషెంట్లుండటంతో లోపలికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం చెబుదాంలే అని ఊపిరి పీల్చుకున్నాను. నాకు తెలియనిదేమిటంటే, బల్ల సర్దిన పెద్దమ్మ నా సొరుగు పక్కన కనిపించిన కార్డు తీసుకెళ్ళి మిగతా కార్డుల మధ్య పెట్టేసింది. (ఆవిడకు చదువు రాదు, కార్డన్నాక పేషెంటుంటాడు.) ముగ్గురయ్యాక లోపలినుంచి, కార్డు మీది పేరు అలవాటుగా చదివేస్తూ మేడం గొంతు వినిపించింది. "నెక్స్ట్! సుత్తి! సుత్తి ఎవరండీ?" గదిలో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను లేచాను. లోపలికి నడిచాను.

మేడం కార్డు కింది దాకా చదువుతున్నారు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. నిమ్మకాయ అని రాసి కొట్టేసి, కింద 'కారణం: ఫిల్టర్ స్క్రూ' అని రాసిన చోట ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఫోన్ తీసి నా ఎనిమిదుల వరస చూశారు.

"ఏది నిజం?"

"కార్డు మేడం."

"స్క్రూ ఎవరు తిప్పించిన్రు?"

"నేనే మేడం" అన్నాను. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గరనుంచి పెద్దమ్మ కూడా "నేనేనమ్మా" అంది. మత్తు సూది పనిచేసే దాకా కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉన్న పేషెంటు, తానేమైనా తిప్పించానేమోనన్నట్టు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

మేడం నవ్వలేదు. "ఫోన్ల ఇన్ని దినాలు అబద్ధం చెప్పినవ్. అది చిన్న తప్పేం కాదు. మా అక్కకు బాగలేదని చెప్పలేదంటవ్, తెలుసు. నేను గాబరా పడితే పడ్త, అది నా పని. ఇంకోసారి నా గాబరా నువ్వు మొయ్యకు." కార్డు బల్ల మీద పెట్టి వేలితో తట్టారు. "కానీ కార్డు మీద రాయలే అబద్ధం. ఏడ్చుకుంటనైనా ఉన్నది ఉన్నట్టు రాసినవ్. దీని మీద కూడ ఎనిమిదులు రాసుంటే ఇయ్యాల్నే బస్సెక్కించేదాన్ని. పో, ఫైల్ల పెట్టు." నేను అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. మూడు వారాల బరువు దిగిపోతుంటే అలాగే వస్తుందనుకుంటాను. పేషెంటు జేబులోంచి రుమాలు తీసిచ్చాడు.

మధ్యాహ్నం మేడం కట్టుడు పళ్ళకు వాడే గులాబీ రంగు మైనం మంట మీద కరిగించి, ఆ స్క్రూ మీద పోసి సీలు వేశారు. ఆ తర్వాత ఏమనిపించిందో, ఫ్లాస్కు పక్కనబెట్టి పెద్దమ్మ చేతి టీ అడిగారు. ఒక గుక్క తాగి ముఖం అష్టవంకర్లు తిప్పారు. "ఛీ ఛీ! ఇన్నేండ్ల సంది మీరు తాగేది గిదా? నాకెందుకు చెప్పలే?" పెద్దమ్మ తల వంచుకుని, "మీరు అడగలేదమ్మా" అంది. మర్నాడు పొద్దున మేడం వెనకాలే ఒక పెద్ద మట్టి రంజన్ మెట్లెక్కి వచ్చింది. అప్పట్నుంచి మా దవాఖానలో చేపలకు ఫిల్టర్ నీళ్ళు, మనుషులకు రంజన్‌లో పోసిన నల్లా నీళ్ళు. టీ రుచి చెప్పాలంటే, పళ్ళు బాగున్నవాళ్ళు కూడా చెకప్‌కు రావడం మొదలుపెట్టారు.

నాలుగేళ్ళు అక్కడే పనిచేశాను. కాలేజీలో ఉద్యోగం వచ్చి మానేసిన రోజు మేడం సుత్తి నుంచి ఒక తల జాగ్రత్తగా కోయించి, నీళ్ళ సంచీలో పెట్టి నా చేతికిచ్చారు. అదిప్పుడు మా ఇంట్లో చిన్న తొట్టిలో నాలుగు తలలతో ఉంది. దానికొక కార్డు కూడా ఉంది. మా ఆయనకు ఫిల్టర్ నీళ్ళు నచ్చవు, చప్పగా ఉన్నాయని సణుగుతుంటారు. మొన్న సర్వీసుకొచ్చిన కుర్రాడు, మేడం దగ్గర తెచ్చుకుని నేను మా ఫిల్టర్ స్క్రూ మీద పోసిన గులాబీ మైనం గోటితో గీకి చూసి, "ఇదేంది మేడం? తీసి మీఠా చెయ్యాల్నా?" అన్నాడు. ఒక్క క్షణం స్టూలు మీద నిమ్మచెక్క పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల కళ్ళ ముందు మెదిలింది. పాపం, ఎంత భయపడిందో, ఎంత తెలివైనదాన్ననుకుందో. "వద్దు బాబూ, చప్పగానే ఉండనీ" అని చెప్పి, వంటింట్లో రంజన్ నీళ్ళతో అతనికీ నాకూ టీ పెట్టాను.